రోమన్ తండ్రి కొడుకును మూడుసార్లు ఎందుకు అమ్మేవాడు?

తన అధికారం నుంచి అతన్ని విడిపించడానికి. రోమ్‌లో పెళ్లయి పిల్లలున్న కొడుకైనా సరే, తండ్రి బతికున్నంతకాలం ఆయన చెప్పుచేతల్లోనే ఉండాలి. సంపాదన కూడా చట్టం దృష్టిలో తండ్రిదే. ఈ పట్టు వదులుకోవడానికి మొదట్లో నేరుగా దారే లేదు.

రోమ్ తొలి లిఖిత చట్టమైన క్రీ.పూ. 5వ శతాబ్దపు పన్నెండు ఫలకాల శాసనంలో మాత్రం ఒక వాక్యం ఉంది: తండ్రి కొడుకును మూడుసార్లు అమ్మితే కొడుకు విముక్తుడు. బహుశా కొడుకుల్ని పదేపదే అమ్ముకునే తండ్రికి శిక్షగా పెట్టిన నియమం ఇది. న్యాయవేత్తలు దాన్నే దొడ్డిదారిగా మార్చేశారు.

తంతు ఇలా సాగేది. ఐదుగురు పౌరులు సాక్షులు, త్రాసు పట్టుకోవడానికి ఇంకొకడు. నమ్మకస్తుడైన స్నేహితుడు కంచు ముక్కతో త్రాసును తాకి కొడుకును 'కొంటాడు', వెంటనే విడిచిపెడతాడు. కొడుకు మళ్లీ తండ్రి అధికారంలోకే వస్తాడు! రెండోసారీ అంతే. మూడో అమ్మకంతో తండ్రి పట్టు తెగిపోతుంది. అప్పుడు స్నేహితుడు కొడుకును తండ్రికే తిరిగి అప్పగిస్తే, చివరి విముక్తి తండ్రి చేతుల మీదుగా జరిగేది. కొడుకు వారసులు లేకుండా చనిపోతే అతని ఆస్తిపై హక్కు తండ్రికే దక్కాలని ఈ జాగ్రత్త. కూతురికి, మనవడికి ఒక్క అమ్మకం చాలు. శాసనంలో ఉన్నది 'కొడుకు' అనే కదా, అన్నది న్యాయవేత్తల లెక్క.

స్వేచ్ఛ ఉచితం కాదు. విడుదలైన కొడుకు పాత చట్టం ప్రకారం తండ్రి ఆస్తిలో వారసత్వం పోగొట్టుకునేవాడు. తర్వాత ప్రేటర్లు (న్యాయ వ్యవహారాలు చూసే రోమన్ అధికారులు) అతనికీ వాటా ఇచ్చారు, తన సొంత ఆస్తిని లెక్కలో కలపాలన్న షరతుతో. ఉత్తుత్తి అమ్మకాలను జస్టీనియన్ చక్రవర్తి క్రీ.శ. 531లో రద్దు చేశాడు. ఆపైన అధికారి ముందు ఒక ప్రకటన చేస్తే సరిపోయేది.