జపనీస్ రాకపోయినా వండర్‌స్వాన్ గేములు ఎలా ఏరుకోవాలి?

మీ అన్నయ్య జపాన్ నుంచి వస్తూ వండర్‌స్వాన్ కలర్ అనే, చేతిలో పట్టుకుని ఆడే గేమ్ మెషీన్ తెచ్చిచ్చారని, భాష రాదు కాబట్టి ఏ గేములు కొనాలో, ఎక్కడ వెతకాలో చెప్పమని అడిగారు. ఉద్యోగరీత్యా కొన్నేళ్లు జపాన్‌లో ఉన్నప్పుడు నాకు ఈ మెషీన్ మీద ఇష్టం పుట్టింది. హైదరాబాద్ వచ్చేశాక కూడా కొంటూనే ఉన్నాను. నేను చెప్పేది ఒక్కటే: జాబితా పట్టుకుని అన్నీ కొనకండి. ఈ మెషీన్ కోసమే పుట్టిన గేములు ముందు కొనండి. అదృష్టం ఏమిటంటే వాటిలో చాలా వాటికి భాషతో పెద్దగా పనిలేదు.

మొదటిది గన్‌పే. నింటెండో చేతి గేమ్ మెషీన్ గేమ్‌బాయ్ వెనకున్న మనిషి గన్‌పే యొకోయి 1996లో నింటెండో వదిలి సొంత సంస్థ పెట్టారు. జపాన్ బొమ్మల కంపెనీ బండాయ్ కోసం వండర్‌స్వాన్ రూపకల్పన అక్కడే జరిగింది. 1997లో రోడ్డు ప్రమాదంలో ఆయన పోయారు. 1999 మార్చిలో మొదటి బ్లాక్ అండ్ వైట్ వండర్‌స్వాన్ మార్కెట్లోకి వచ్చినప్పుడు ఆయన పేరే పెట్టిన ఈ పజిల్ కూడా దానితో పాటు వచ్చింది.

మీ మెషీన్‌కి ఎడమ పక్క నాలుగేసి బటన్లు రెండు గుంపులుగా ఉంటాయి. ఆ పక్క కిందికి వచ్చేలా నిలువుగా తిప్పి పట్టుకోండి. ఒక్కో బొటనవేలి కింద ఒక్కో గుంపు వచ్చి కూర్చుంటుంది. గన్‌పే ఆడాల్సింది అలాగే. అడ్డం ఐదు, నిలువు పది గళ్లు. వాటిలో ఏటవాలు గీతలున్న పలకలు కింద నుంచి పైకి వస్తుంటాయి. పైదీ కిందిదీ మార్చుకుంటూ ఎడమ అంచు నుంచి కుడి అంచు దాకా గీత తెగకుండా కలపాలి. అంతే రూలు. ఒక్క అక్షరం చదవక్కర్లేదు. ఒక గీత కలిసి మాయమయ్యేలోపు దానికి ఇంకో కొమ్మ తగిలించడం పట్టుబడిందంటే మెషీన్ కింద పెట్టబుద్ధి కాదు. పైగా ఇది చవగ్గా దొరుకుతుంది.

రెండోది క్లోనోవా: మూన్‌లైట్ మ్యూజియం, గెంతుతూ దూకుతూ దారి వెతుక్కునే గేమ్. కొన్ని స్టేజీలు అడ్డంగా, కొన్ని నిలువుగా ఆడాలి. కథ అర్థం కాకపోయినా దారి మీకే తెలుస్తుంది.

మూడోదాని గురించి చెప్పకుండా ఉండలేను. వండర్‌విచ్ అని మామూలు జనం కూడా ఇంట్లో కూర్చుని గేములు రాసుకునేందుకు ఒక కిట్ అమ్మారు. దానితో పోటీలు పెట్టారు. అలా గెలిచిన షూటింగ్ గేమే జడ్జిమెంట్ సిల్వర్‌స్వోర్డ్. తర్వాత 2004లో క్యూట్ అనే సంస్థ దాన్ని కార్ట్రిడ్జ్‌గా, అంటే మెషీన్‌లో గుచ్చే గేమ్ బిళ్లగా విడుదల చేసింది. మెషీన్ మూతపడే రోజుల్లో వచ్చింది కాబట్టి బయట ఉన్నవి తక్కువ, ధర చాలా ఎక్కువ. తెరంతా బుల్లెట్లు నిండినా ఎక్కడా తడబడదు. ఇంత చిన్న హార్డ్‌వేర్ మీద అది ఎలా సాధ్యమైందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. డబ్బు కూడబెట్టి కొనదగ్గది, కానీ మొదటే వద్దు.

ఫైనల్ ఫాంటసీ అనే కథా ప్రధానమైన గేముల్లో 1, 2, 4 గురించి కూడా అడిగారు. రంగులు బాగుంటాయి, దొరకడం తేలికే. కానీ అంతా చదివి ఆడేవి, ఇంగ్లిష్‌లో వేరే మెషీన్ల మీద ఉన్నాయి. షెల్ఫ్‌లో పెట్టుకోవడానికైతే సరే. డిజిమాన్ అనే జపాన్ కార్టూన్ రాక్షసుల గేములు ఇష్టమైతే మాత్రం, ఆసియా మార్కెట్ కోసం ఇంగ్లిష్‌లో వేసిన కార్ట్రిడ్జ్‌లు కొన్ని ఉన్నాయి, వాటికోసం చూడండి.

పాత బ్లాక్ అండ్ వైట్ గేములు మీ కలర్ మెషీన్‌లో ఆడతాయి. కలర్‌కి మాత్రమే అని చేసినవి పాత మెషీన్‌లో ఆడవు. మీకు ఆ ఇబ్బంది లేదు.

ఇక కొనడం. ఈ మెషీన్‌ని జపాన్ బయట పెద్దగా అమ్మనే లేదు కాబట్టి మన దగ్గర సెకండ్‌హ్యాండ్ షాపుల్లో వెతకడం దండగ. యాహూ జపాన్ ఆక్షన్స్‌లో, మెర్కారీ అనే జపాన్ సెకండ్‌హ్యాండ్ సైట్‌లో చూసి బయీ, జెన్‌మార్కెట్ లాంటి ప్రాక్సీ సర్వీసుల ద్వారా, అంటే మన తరఫున అక్కడ కొని పంపేవాళ్ల ద్వారా తెప్పించుకోవాలి. గేమ్ పేరు ఇంగ్లిష్‌లో కొడితే సగం కూడా కనబడవు. జపనీస్ లిపిలో ఉన్న పేరు కాపీ చేసుకుని వెతకండి. ఎవరైనా పది, ఇరవై కార్ట్రిడ్జ్‌లు కలిపి ఒకే లాట్‌గా అమ్ముతుంటే ఆ ఫోటో పెద్దది చేసి ఒక్కో లేబుల్ చూడండి. నాకు తెలియని గేములు నేను ఎక్కువగా కనిపెట్టింది అలాంటి లాట్లలోనే. కార్ట్రిడ్జ్‌లు చిన్నవి, కాబట్టి విడివిడిగా కొని ప్రాక్సీ గోడౌన్‌లో ఆపించి అన్నీ ఒకే పార్సిల్‌లో పంపమనండి. షిప్పింగ్ బాగా కలిసొస్తుంది. కస్టమ్స్ డ్యూటీ పడొచ్చు, ఆ లెక్క ముందే వేసుకోండి.

'జంక్' అని రాసి ఉంటే చెడిపోయిందనే కాదు, పరీక్షించలేదు, వాపసు తీసుకోం అని కూడా. కార్ట్రిడ్జ్‌ల విషయంలో నేను ధైర్యం చేస్తాను, ఎక్కువ వాటికి కాంటాక్టులు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే చాలు. మెషీన్ల విషయంలో చేయను. తెర మీద వెలుతురుని వడగట్టే పోలరైజర్ పొర కాలం గడిచేకొద్దీ పాడై మచ్చలు పడుతుంది. మీ మెషీన్ అంచుల్లో నల్లగా పాకుతున్నట్టుందేమో పగటి వెలుతురులో ఒకసారి చూడండి. ఆడని రోజుల్లో లోపలి ఏఏ బ్యాటరీ తీసి పక్కన పెట్టండి, కారిందంటే కాంటాక్టులు తుప్పు పడతాయి. హెడ్‌ఫోన్ పెట్టుకునే రంధ్రం లేదేమిటని కంగారు పడకండి, దానికి వేరే అడాప్టర్ ఉంటుంది. అది కనబడితే గేమ్ ఒకటి తగ్గించుకునైనా కొనేయండి, అరుదుగా వస్తుంది.