20 శాతం ఉండగానే బండి ఎందుకు ఆగుతుంది?

ప్రశ్న: రెండేళ్లుగా వాడుతున్న నా ఎలక్ట్రిక్ స్కూటర్ ఈమధ్య 20 శాతం ఛార్జ్ చూపిస్తూనే ఉన్నట్టుండి ఆగిపోతోంది. బ్యాటరీ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం. ఎక్కువ కాలం మన్నుతుందని ఎప్పుడూ 80 శాతం దగ్గరే ఛార్జింగ్ ఆపేస్తాను. బ్లూటూత్ ఉన్న బీఎంఎస్ (బ్యాటరీని కనిపెట్టుకుని ఉండే సర్క్యూట్ బోర్డు) బిగించి, యాప్‌లో సెట్టింగులు మార్చి రేంజ్ పెంచుతానని మెకానిక్ అంటున్నాడు. చేయించుకోవచ్చా?

జవాబు: వద్దు. ఇదే ఫిర్యాదు పదే పదే వస్తోంది కనుక కారణం కాస్త వివరంగానే చెబుతాను.

తెర మీద కనిపించే శాతం కొలిచి చెప్పినది కాదు, అంచనా కట్టినది. మీ బ్యాటరీ ప్యాక్‌లోని ఒక్కో ఫాస్ఫేట్ సెల్ వోల్టేజీ 20 నుంచి 80 శాతం వరకు 3.2, 3.3 వోల్టుల దగ్గరే దాదాపు కదలకుండా ఉంటుంది గనుక, లోపలికి వెళ్లిన కరెంటునూ బయటికి వచ్చిన కరెంటునూ కూడికలు తీసివేతలు వేసుకుంటూ బీఎంఎస్ నెట్టుకొస్తుంది. అందులో దొర్లే చిన్న పొరపాట్లు పేరుకుపోతాయి. బ్యాటరీ పూర్తిగా నిండినప్పుడే ఆ లెక్క సరిపడుతుంది, సెల్స్ మధ్య హెచ్చుతగ్గులు సర్దుకునేదీ చాలావరకు అప్పుడే. 80 దగ్గర ఆపడం నికెల్ కలిసిన లిథియం బ్యాటరీలకు మంచి అలవాటు, మీ రకానికి మాత్రం వారానికొకసారైనా 100 శాతం అవసరం.

సెల్స్ వరుసగా కలిపి ఉంటాయి కాబట్టి, వాటిలో ఒక్కటి నీరసించి 2.5 వోల్టులకు దిగినా, మిగతావాటిలో ఎంత ఛార్జ్ ఉన్నా బీఎంఎస్ సరఫరా ఆపేస్తుంది. మీ మెకానిక్ పెంచుతానంటున్న రేంజ్, ఆ హద్దును ఇంకా కిందికి దించి రాబట్టేదే. మరీ లోతుగా ఖాళీ అయిన సెల్‌లో రాగి రేకు కరగడం మొదలవుతుంది. తిరిగి ఛార్జ్ చేసినప్పుడు ఆ రాగి ఎక్కడపడితే అక్కడ పేరుకుని లోలోపలే షార్ట్ సర్క్యూట్‌కు దారి తీయవచ్చు.

నన్ను అంతకన్నా కలవరపెట్టేది ఆ బ్లూటూత్. చవకరకం బీఎంఎస్‌లు కొన్నింటికి పాస్‌వర్డే ఉండదు, ఉన్నవాటిలోనూ 1234 వంటిదే ఫ్యాక్టరీ నుంచి వచ్చి, మార్చేవారు లేక అలాగే ఉండిపోతుంది. అదే యాప్ ఫోన్‌లో ఉన్న అపరిచితుడెవరైనా పక్కన నిలబడి బండికి కరెంటు ఇచ్చే డిశ్చార్జ్ స్విచ్ ఆపేయవచ్చు, ఓవర్‌ఛార్జ్ హద్దును మీకు తెలియకుండా పెంచేయవచ్చు. బండి తాళం జేబులో భద్రంగా దాచుకునేవారు బ్యాటరీ తాళాన్ని ఇలా వీధిలో వదిలేయడం నాకు ఎప్పటికీ అర్థం కాదు.

తయారీదారుల తీరూ అంతే. సెల్స్ వోల్టేజీలన్నీ బీఎంఎస్‌కు తెలుసు, యజమానికి మాత్రం చూపించరు. అప్‌డేట్ వచ్చిందని ఆశగా తెరిస్తే తెర మీద కొత్త స్వాగత బొమ్మ ఉంటుంది. ఆ వోల్టేజీలు కనిపిస్తే ఇలాంటి ప్రశ్నల్లో సగం నా దాకా రావు.

ముందు వరుసగా మూడుసార్లు నిండా ఛార్జ్ చేసి చూడండి. అప్పటికీ ఆగిపోతుంటే, బండి బరువు లాగుతున్నప్పుడు ఒక్కో సెల్ వోల్టేజీ ఎంతో సర్వీస్ సెంటర్ చేత కాగితం మీద రాయించుకోండి. ఒకటి మిగతావాటికన్నా బాగా కుంగిపోతే వారంటీ కింద ప్యాక్ మార్పించుకోమని అడగడానికి ఆ కాగితమే ఆధారం. బీఎంఎస్ మార్పిస్తే ఆ వారంటీయే చేజారవచ్చు.