చవక డ్రోన్లను కూల్చడానికి ఖరీదైన క్షిపణులే వాడాలా?

అక్కర్లేదు. వాడితే క్షిపణుల నిల్వ తొందరగా కరిగిపోతుంది, అసలు ప్రమాదం అదే. ఉక్రెయిన్ మీదికి రష్యా పంపే షాహెద్ డ్రోన్ ఖరీదు కొన్ని పదుల వేల డాలర్లు. అమెరికా గగనతల రక్షణ వ్యవస్థ పేట్రియాట్ నుంచి వదిలే పీఏసీ-3 క్షిపణి ఒక్కటే సుమారు 40 లక్షల డాలర్లు. బాలిస్టిక్ క్షిపణిని ఆపగల అస్త్రాన్ని, గంటకు 180 కిలోమీటర్లకు అటూ ఇటుగా వచ్చే డ్రోన్ మీద ఖర్చు చేస్తే, తర్వాత అసలు క్షిపణి వచ్చినప్పుడు చేతులెత్తేయాల్సిందే.

అందుకే జర్మనీ ఇచ్చిన పాత గెపార్డ్ 35 ఎంఎం విమాన విధ్వంసక గన్‌లు ఉక్రెయిన్‌లో అంతగా అక్కరకొచ్చాయి. 2025 మేలో పాకిస్తాన్ డ్రోన్ల మీద మన సైన్యం కూడా ఆధునికీకరించిన పాత ఎల్-70 గన్‌లనే వాడింది.

జామింగ్, అంటే డ్రోన్‌ను నడిపే రేడియో సిగ్నల్‌ను అడ్డుకోవడం, ఇంకా చవక. కానీ ఆప్టికల్ ఫైబర్ తీగతో నడిచే డ్రోన్లకు రేడియో సిగ్నలే ఉండదు, ఇక దేన్ని అడ్డుకుంటాం?

నాకు ఎక్కువ ఆశ లేజర్ల మీద. 2025 ఏప్రిల్‌లో కర్నూలు దగ్గర డీఆర్‌డీవో లేజర్‌తో డ్రోన్లను కూల్చి చూపించింది. దాన్ని రూపొందించింది హైదరాబాద్‌లో ఉన్న డీఆర్‌డీవో ప్రయోగశాల చెస్ (సెంటర్ ఫర్ హై ఎనర్జీ సిస్టమ్స్ అండ్ సైన్సెస్). కాల్చిన ప్రతిసారీ అయ్యేది దాదాపు కరెంటు ఖర్చే. వానలో, పొగమంచులో కిరణం బలం తగ్గుతుంది, అప్పుడు మళ్లీ గన్‌లే దిక్కు.