బట్టీ రాదని కెమిస్ట్రీ మానుకోవాలా?

మీ ప్రశ్న ఇది: "నాకు జ్ఞాపకశక్తి తక్కువ. యూనివర్సిటీలో కెమిస్ట్రీ అంటే అంతా బట్టీయే అంటున్నారు, చేరొచ్చా?"

అలా చెప్పినవాళ్లు పరీక్ష ముందు రాత్రి చదివి గట్టెక్కిన బాపతు అయ్యుంటారు. నాకు ఫోన్ నంబర్లే గుర్తుండవు. అయినా డిగ్రీ, పీజీ రెండూ కెమిస్ట్రీలోనే చేశాను. మొదటి ఏడాది రియాక్షన్ల పేర్లు చీటీల మీద రాసి గోడ నిండా అతికించాను. తీరా పరీక్షలో ఆల్డాల్ అడిగితే కానిజారో రాసొచ్చాను. చూడాల్సింది పేరు కాదు, అణువు వంక అని తెలియడానికి ఇంకో ఏడాది పట్టింది. కార్బొనిల్ (ఆక్సిజన్‌తో జంట బంధం ఉన్న కార్బన్) పక్క కార్బన్ మీద హైడ్రోజన్ ఉందా? ఉంటే పలుచని క్షారంతో ఆల్డాల్ రియాక్షన్. అసలు లేకపోతే గాఢ క్షారంతో కానిజారో. ఈ ఒక్క ప్రశ్న వేసుకోవడం వస్తే నా గోడ మీద సగం చీటీలు అనవసరం.

ఆవర్తన పట్టికను పాటలా వల్లె వేయించేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. 1869లో ఆ పట్టిక వేసిన రష్యన్ శాస్త్రవేత్త మెండలీవ్, ఇంకా దొరకని మూలకాల కోసం అందులో గళ్లు ఖాళీగా వదిలాడు. 1875లో వాటిలో ఒకటైన గాలియం దొరికి, దాని సాంద్రత (ఘన సెంటీమీటరుకు గ్రాముల్లో) 4.7 అని ప్రకటిస్తే, ఆయన "కాదు, మళ్లీ కొలవండి" అన్నాడు. కొలిస్తే 5.9 వచ్చింది. చేతిలో మూలకం లేకుండానే అన్నాడు ఆ మాట! బట్టీ పట్టినవాడికి ఆ ధైర్యం ఎక్కడిది?

సరే, నేను అసలు చెప్పాలనుకున్నది ల్యాబ్ గురించి. సగం కెమిస్ట్రీ చేతుల్లోనే ఉంటుంది.

రెండో ఏడాది ప్రాక్టికల్స్‌లో అసిటనిలైడ్ అనే తెల్లటి పదార్థం తయారు చేశాం. దాన్ని శుద్ధి చేయాలంటే వేడినీళ్లలో కరిగించి చల్లార్చాలి. మరిగే నీళ్లు 100 మిల్లీలీటర్లలో దాదాపు 5 గ్రాములు కరుగుతుంది, చల్లారితే అర గ్రాము చుట్టుపక్కలే నిలుస్తుంది, మిగిలింది స్ఫటికాలై బయటికొస్తుంది. ఇదంతా నాకు నోటికొచ్చు, వైవాలో (నోటి పరీక్షలో) గడగడా చెప్పాను కూడా. బీకరు అడుగున నాలుగు రేణువులు కరగలేదని కంగారుపడి ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ నీళ్లు పోస్తూనే ఉన్నాను. చల్లారాక చూస్తే బీకరులో ఉత్త నీళ్లు. ఐసులో పెట్టినా చలనం లేదు. పక్కవాళ్లు అప్పటికే ఫిల్టర్ చేస్తున్నారు. నాకు చెమటలు.

ల్యాబ్ అటెండరు గారు చాలాసేపు చూసి, "ఏం బాబూ, చెరువు తవ్వావా?" అన్నారు. బీకరు మళ్లీ స్టవ్ మీద పెట్టించి, సగం నీళ్లు ఇగిరిపోయేదాకా కదలనివ్వలేదు. చల్లార్చాక గాజు కడ్డీతో బీకరు లోపలి గోడను, నీటి అంచు దగ్గర, నాలుగుసార్లు గీరారు. గీరిన చోట సన్నని తెల్లటి పొర మెరిసింది. అక్కడి నుంచి రేకులు రేకులుగా అల్లుకుంటూ నిమిషంలో బీకరంతా తెల్లబడింది. స్ఫటికం మొదలవడానికి ఒక ఆసరా కావాలి, ఆ గీత ఇచ్చేది అదే. ఈ ముక్క నేనూ చదివానేమో, చేతికి మాత్రం ఎక్కలేదు.

స్ఫటికాలు ఎంత శుద్ధమో ద్రవీభవన స్థానం (కరిగే ఉష్ణోగ్రత) చెబుతుంది. తడి ఆరకుండానే చూస్తే 108 డిగ్రీల దగ్గర మొదలై 112 దాకా సాగింది. మర్నాడు ఆరాక చూస్తే 113-114. ఉండాల్సిందీ 114 దరిదాపుల్లోనే.

ఇలాంటివి రికార్డు బుక్కులో ఉండవు. నీట్‌గా గీతలు కొట్టి, సీనియర్ రికార్డు చూసి రాస్తే మార్కులొస్తాయి. టైట్రేషన్ (బ్యూరెట్ అనే గీతల గాజు గొట్టంలోంచి ద్రావణం చుక్కచుక్కగా వదిలి, ఎంత పట్టిందో కొలవడం) మూడుసార్లు చేయకుండానే 10.2, 10.2, 10.2 అని రాసిన ఘనుల్ని చూశాను. ఊదారంగు పర్మాంగనేట్‌తో ఆగ్జాలిక్ ఆమ్లం టైట్రేషన్ చేసేటప్పుడు ఫ్లాస్కు వేడి చేయడం మరిచి, మొదటి చుక్క రంగు పోవడం లేదని బ్యూరెట్‌ను తిట్టిన ఘనుణ్ని మాత్రం నేనే.

కాబట్టి చేరండి. అయితే ఫిజికల్ కెమిస్ట్రీ కోసం లెక్కలు కాస్త దుమ్ము దులుపుకోండి, నన్ను ఏడిపించింది అదే. ప్రాక్టికల్స్‌లో గాజు కడ్డీ మీ చేతిలోనే ఉంచుకోండి, చురుకైన స్నేహితుడికి ఇవ్వకండి.