రోడ్స్‌కే వెళ్ళండి, దిగడం మాత్రం కోట గోడల లోపల

మీ ప్రశ్న ఇదీ: మే నెలలో పెళ్ళిరోజు, చేతిలో వారం రోజులు, ఖర్చుకు వెనకాడరు, మధ్యధరా సముద్రంలో ఏదో ఒక ద్వీపం కావాలి. అయితే పొద్దస్తమానం బీచ్‌లో పడుకోవడం మీకు పడదు, యూదుల పాత చరిత్ర, ప్రాచీన శిథిలాలు చూడాలని ఉంది. సిసిలీయా, క్రీటా, రోడ్సా అని అడిగారు.

రోడ్స్. దేశం గ్రీసే కానీ టర్కీ తీరం ఎదురుగా కనిపిస్తూ ఉంటుంది. రెండేళ్ళ కిందట మా పాతికేళ్ళ పెళ్ళిరోజుకి మావారూ నేనూ వెళ్ళాం. ముందు మేం చేసిన తప్పు చెప్తాను, మీకు డబ్బు మిగులుతుంది.

మ్యూనిక్‌లో ఉద్యోగం చేసే మా అబ్బాయి, అమ్మానాన్నలు సుఖపడాలని, మొదటి మూడు రాత్రులకి ఊరికి ఇరవై కిలోమీటర్ల అవతల పెద్ద రిసార్ట్ బుక్ చేశాడు. గదికి సొంత స్విమ్మింగ్ పూల్, పక్క మీద గులాబీ రేకులు, టిఫిన్‌కి నలభై రకాలు. అన్నీ ఉన్నాయి, రోడ్స్ ఒక్కటే లేదు. తిని, తయారై, టాక్సీ పిలిపించుకుని పాత ఊరు చేరేసరికి పదకొండు దాటేది. అప్పటికే పెద్ద ఓడల నుంచి జనం దిగిపోయి ఉండేవారు. సందులన్నీ తిరనాళ్ళే. గుంపుకి ముందు గొడుగు ఎత్తి పట్టుకున్న గైడు, ఎటు చూసినా అదే. నాలుగో రోజు పాత ఊళ్ళోనే, ఒక రాతి ఇంటిని హోటల్‌గా మార్చిన చోటికి మారాం. గదులు ఎనిమిదే. స్విమ్మింగ్ పూల్ లేదు. లోపల వాకిట్లో ఒక నిమ్మచెట్టు, దాని కింద రెండు కుర్చీలు. రేటు మాత్రం రిసార్ట్‌కి ఏమీ తీసిపోలేదు! అయినా మావారు మొదటిసారి గొణగకుండా కార్డు తీశారు.

అక్కడ డబ్బు కొనిపెట్టేది గది కాదు, వేళ. పొద్దున్న ఆరున్నరకి చెప్పులేసుకుని బయటికొస్తే పద్నాలుగో శతాబ్దపు వీధి మీ ఒక్కరిదే. పిల్లులు, చీపురుతో మెట్లు కడుక్కునే ఒక ముసలావిడ, అంతే.

ఒక జాగ్రత్త. ఆ సందుల్లో చాలా వాటిలోకి కార్లు రావు. టాక్సీ కోట ద్వారం దగ్గర దింపేసింది. నేలంతా గులకరాళ్ళు నిలువుగా పాతిన తాపడం. చక్రాల సూట్‌కేసు పదడుగులు లాగానో లేదో ఒక చక్రం ఊడి, దొర్లుకుంటూ వెళ్ళి పిల్లి ముందు ఆగింది. హోటల్ వాళ్ళకి ముందే ఫోన్ చేస్తే తోపుడుబండి పంపిస్తారట. మాకు ఆ సంగతి తర్వాత తెలిసింది.

ఇక మీరు అడిగిన అసలు విషయం. కోట లోపల తూర్పు వైపున్న పేటని లా జుదేరియా అంటారు, యూదుల వాడ. రోడ్స్‌లో యూదులు ఎప్పటి నుంచి ఉన్నారంటే, పన్నెండో శతాబ్దంలో టుడేలా నుంచి వచ్చిన యాత్రికుడు బెంజమిన్ ఇక్కడ సుమారు 400 మందిని చూశానని రాసుకున్నాడు. వాళ్ళు గ్రీకు మాట్లాడే పాత యూదులు. 1309 నుంచి ద్వీపాన్ని ఏలిన క్రైస్తవ నైట్‌ల, అంటే మతం కోసం యుద్ధం చేసే వీరుల కాలంలో, 1480లో ఒట్టోమన్ టర్కీ సైన్యం ముట్టడించి ఈ వాడ పక్క గోడనే పగలగొట్టింది. యూదులు కూడా కోట కోసం నిలబడ్డారు. 1502లో అదే నైట్‌ల పెద్ద, గ్రాండ్ మాస్టర్ అంటారు, ఆ యూదుల్నే వెళ్ళిపొమ్మన్నాడు. ఇరవై ఏళ్ళ తర్వాత, 1522లో ఒట్టోమన్ సుల్తాన్ సులేమాన్ కోట గెలిచాడు, నైట్‌లు ఓడెక్కారు. ఆ తర్వాత స్పెయిన్ నుంచి తరిమేసిన యూదుల వంశీకులు వచ్చి స్థిరపడ్డారు. వాళ్ళ ఇంటి భాష లడీనో, అంటే పాత స్పానిష్‌లో హీబ్రూ, టర్కిష్ మాటలు కలిసిన భాష. నాలుగు వందల ఏళ్ళు ఈ సందుల్లో ఆ భాషే వినిపించింది.

పిల్లాడు తుమ్మితే ఆ ఇళ్ళల్లో పెద్దవాళ్ళు "బీవాస్, క్రేస్కాస్, ఎన్‌గ్రాన్‌దేస్కాస్" అనేవారట. బతుకు, ఎదుగు, పెద్దవాడివి అవు అని. మన దగ్గర "చిరంజీవ" అనడం లేదూ, అచ్చం అదే! మా గైడు ఈ మాట చెప్పగానే మావారు నిజంగానే తుమ్మారు.

ఆ వాడలో కహాల్ షాలోమ్ అనే సినగాగ్, అంటే యూదుల ప్రార్థనాలయం ఉంది. 1577 నాటిది. గ్రీసులో ఇప్పటికీ ప్రార్థనలు జరిగే సినగాగుల్లో ఇదే పాతది. మన కొచ్చిన్‌లోని పరదేశి సినగాగ్ 1568లో కట్టారు, అంటే రెంటికీ తేడా తొమ్మిదేళ్ళే. కొచ్చిన్ చూసినవాళ్ళకి కింద పరిచిన నీలం చైనా పలకలు గుర్తుంటాయి. ఇక్కడ నేల అంతా తెల్ల, నల్ల గులకరాళ్ళతో పేర్చిన డిజైన్లు. నేను వంగి చూస్తే ఒక్కో రాయి చింతగింజంత ఉంది, అరుగుదలకి నున్నగా మెరుస్తోంది. "రోజూ తుడవక్కర్లేని ముగ్గు" అన్నారు మావారు. నాకైతే దాని మీద కాలు పెట్టడానికి చేతకాలేదు.

మధ్యలో ప్రార్థన చదివే వేదిక ఉంటుంది. యూదుల పవిత్ర గ్రంథమైన తోరా చుట్టలు దాచే అర మామూలుగా ఒకటే ఉంటుంది, ఇక్కడ రెండు, మధ్యలో వాకిట్లోకి తెరుచుకునే తలుపు. ఆ తలుపులోంచి పడే ఎండలో నిలబడి కాసేపు ఏమీ మాట్లాడుకోలేదు. వెనక గదుల్లో ఒకప్పుడు ఆడవాళ్ళు కూర్చుని ప్రార్థన వినేవారు. ఇప్పుడు ఆ గదులే మ్యూజియం. లాస్ ఏంజెలెస్‌లో లాయరుగా ఉండే ఆరన్ హాసన్, ఆయన పూర్వీకులది ఈ ఊరే, 1997లో మొదలుపెట్టారు. పెళ్ళి ఫోటోలు, కుట్టు పని చేసిన బట్టలు, బడి పిల్లల గ్రూప్ ఫోటోలు. అరగంట చాలనుకుని వెళ్ళి రెండు గంటలు ఉన్నాం.

వాకిట్లో ఇంటిపేర్ల ఫలకం ఉంది. అల్‌హదేఫ్, ఫ్రాంకో, హాసన్, కపెలూటో, సోరియానో, నోత్రికా. ఇంటిపేరు చూసి ఏ ఊరి వాళ్ళో చెప్పగలిగే మన గుంటూరు జిల్లా వాళ్ళకి ఆ జాబితా ఊరికే చదివి వదిలేసేది కాదు.

1912 నుంచి ద్వీపం ఇటలీ చేతిలో ఉండేది. 1938లో ముస్సోలినీ జాతి చట్టాలు వచ్చాయి. బళ్ళ నుంచి యూదు పిల్లల్ని తీసేశారు, వాళ్ళ పాత శ్మశానాన్ని కూడా ఊరి బయటికి తరలించారు. చాలామంది అప్పటికే కాంగోకి, రొడీషియాకి (ఇప్పటి జింబాబ్వే), అమెరికాకి వలస పోయారు. ఆ విధంగా పోయినవాళ్ళు బతికిపోయారు. 1943 సెప్టెంబరులో జర్మన్లు ద్వీపాన్ని పట్టుకున్నారు. 1944 జూలైలో ముందు మగవాళ్ళని పత్రాల తనిఖీ అని పిలిచారు, మర్నాడు ఆడవాళ్ళనీ పిల్లల్నీ నగలు, సామాన్లతో రమ్మన్నారు. జూలై 23న రేవుకి నడిపించేటప్పుడు ఊరంతా విమానదాడి సైరన్లు మోగించారు, ఎవరూ బయటికొచ్చి చూడకుండా. సరుకు పడవల్లో ఏథెన్స్ రేవు పిరేయస్, అక్కణ్ణుంచి రైల్లో నాజీల మరణ శిబిరం ఆష్‌విట్జ్. చేరింది ఆగస్టు 16న. ఆ యుద్ధం అప్పటికి ముగింపుకి వచ్చేసింది, అయినా ఇంత దూరం నుంచి, ఇంత శ్రమపడి తీసుకెళ్ళారు. వెనక్కి వచ్చినవాళ్ళు సుమారు 150 మంది.

టర్కీ కాన్సుల్ సెలాహట్టిన్ ఉల్కూమెన్ జర్మన్ అధికారి దగ్గరికి వెళ్ళి, టర్కీ పౌరుల భార్యలు, భర్తలు కూడా మా పౌరులేనని వాదించి నలభై మందికి పైగా విడిపించుకున్నాడు. అలాంటి చట్టం నిజానికి లేదు! సినగాగ్‌లోని పాత తోరా చుట్టని ఊరి ముఫ్తీ, అంటే ముస్లిం మతపెద్ద, మురాద్ రేయిస్ అనే మసీదులో దాచిపెట్టాడు. ఆ మసీదు కోట బయట, మండ్రాకి రేవు పక్కన ఇప్పటికీ ఉంది.

సినగాగ్ నుంచి నాలుగు అడుగులు వేస్తే చౌరస్తా. ఒకప్పుడు కాయే ఆంచా, వెడల్పు వీధి అనేవారు. ఇప్పుడు యూదు అమరవీరుల చౌరస్తా. మధ్యలో సముద్రపు గుర్రాల ఫౌంటెన్, చుట్టూ ఐస్‌క్రీం దుకాణాలు, ఫ్రిజ్ మ్యాగ్నెట్లు. కాస్త పక్కగా చెట్ల నీడలో ఆరు పలకల నల్లరాతి స్తంభం, ఆరు భాషల్లో ఒకే వాక్యం: రోడ్స్, కోస్ ద్వీపాల 1,604 మంది యూదుల జ్ఞాపకార్థం. మేం చూసినప్పుడు ఒక చిన్న పిల్ల ఆ స్తంభం గట్టు మీద కూర్చుని చెప్పులోంచి గులకరాయి దులుపుకుంటోంది, వాళ్ళమ్మ ఫోన్లో ఉంది. కోపం రాలేదు. ఆ చౌరస్తాలో పిల్లలు ఆడుకుంటూ ఉండడమే నాకు కొంచెం ఊరట.

అన్నట్టు, సినగాగ్ దగ్గర టికెట్లు ఇచ్చే పెద్దాయన మీ దేశంలో యూదులు ఉన్నారా అని అడిగితే కొచ్చిన్, ముంబై అని చెప్పాను. రాత్రి హోటల్లో చూస్తే మా పుట్టింటి వైపే ఉన్నారని తెలిసింది. చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే బెనె ఎఫ్రాయిమ్ అనే యూదులు, వాళ్ళకో చిన్న సినగాగ్. పొన్నూరు నుంచి గుంటూరుకి చేబ్రోలు మీదుగా ఎన్ని వందల సార్లు బస్సులో వెళ్ళానో. మర్నాడు ప్రత్యేకంగా వెళ్ళి ఆయనకి చెప్పొచ్చాను.

ప్రాచీన చరిత్ర మాటకొస్తే, ప్రపంచ వింతల్లో ఒకటైన కంచు విగ్రహం కోసం వెతక్కండి, ఒక్క ముక్క కూడా మిగల్లేదు. క్రీ.పూ. 280 ప్రాంతంలో లిండోస్ ఊరి శిల్పి ఖారెస్ 33 మీటర్ల ఎత్తున నిలబెట్టాడు, 226లో భూకంపానికి మోకాళ్ళ దగ్గర విరిగిపడింది. అరవై ఏళ్ళు కూడా నిలవని బొమ్మ మీద ఇప్పటికీ వ్యాపారం నడుస్తోంది. రేవుకి అటో కాలు, ఇటో కాలు వేసి నిలబడ్డట్టు బొమ్మలు అమ్ముతారు, అది కల్పన.

దాని బదులు ఒక రోజు లిండోస్‌కి పెట్టండి, యాభై కిలోమీటర్లు. కొండ మీద అథీనా గుడి, మూడు వైపులా సముద్రం. పైకి ఎక్కే మెట్ల మొదట్లో రాతి గోడకి ఓడ వెనకభాగం చెక్కారు, క్రీ.పూ. 180 నాటిది. అందరూ పైకి చూస్తూ దాన్ని దాటిపోతారు. తెరిచే వేళకే అక్కడ ఉండాలి, పదికల్లా రాయి పెనంలా కాలుతుంది. ఇక్కడ కారు, డ్రైవరు, చరిత్ర చదివిన లైసెన్సు గైడు, ఈ మూడింటికీ ఖర్చు పెట్టండి, గిట్టుబాటు అవుతుంది. నైట్‌ల వీధి, గ్రాండ్ మాస్టర్ కోట ఎలాగూ చూస్తారు. ఆ కోట 1856లో మందుగుండు పేలి కూలితే ఇటలీ వాళ్ళు 1930ల్లో మళ్ళీ కట్టించారు, కొత్తగా కనిపిస్తే ఆశ్చర్యపడకండి.

తిండికి శాకాహారులైనా ఇబ్బంది లేదు. పితరూదియా అని శనగలతో వేసే వడలు ఈ ద్వీపం ప్రత్యేకం, పుదీనా వేస్తారు. మెలెకూని అని తేనె, నువ్వులతో చేసే బిళ్ళలు పెళ్ళిళ్ళలో పంచుతారు. మా నువ్వులుండలే, కాస్త నారింజ తొక్క వాసనతో.

క్రీట్‌లో ఖానియా సినగాగ్ బాగుంటుంది, సిసిలీలో సిరక్యూజ్ భూగర్భంలో యూదుల పాత స్నానవాటిక చూడదగ్గదే. కానీ అవి ఒక పూట చోట్లు. మీ వారం రోజులకి రోడ్సే సరి.

మే నెల మంచిదే. ఎండ అప్పుడు భరించేట్టే ఉంటుంది. జూలై, ఆగస్టు వద్దు, 2023 జూలైలో కార్చిచ్చు వచ్చి వేలమంది టూరిస్టుల్ని తరలించాల్సి వచ్చింది. సినగాగ్ మ్యూజియం శనివారాలు మూసేస్తారు, మేం మొదటిసారి శనివారమే వెళ్ళి తలుపు చూసి వచ్చాం. యూదుల పండగలకీ అంతే. షవూత్ పండగ ఒక్కోసారి మే చివర్లో వస్తుంది, తేదీలు ఖాయం చేసుకునే ముందు క్యాలెండర్ చూసుకోండి. శనివారం లిండోస్ పెట్టుకుంటే సరిపోతుంది. సూట్‌కేసు మాత్రం వద్దు, భుజానికి తగిలించుకునే బ్యాగే తీసుకెళ్ళండి.