పైలోరీ పాజిటివ్ అంటే క్యాన్సర్ వచ్చేసినట్టేనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 46 ఏళ్లు. పదేళ్లుగా కడుపులో మంట, పుల్లటి తేన్పులు. మెడికల్ షాపులో ఇచ్చే గ్యాస్ మాత్ర పరగడుపున వేసుకుంటూ నెట్టుకొస్తున్నాను. పోయిన నెల ఎండోస్కోపీ చేస్తే గ్యాస్ట్రైటిస్ (జీర్ణాశయం పొర వాపు) అన్నారు, బయాప్సీలో హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే క్రిమి పాజిటివ్ వచ్చింది. ఇన్‌ఫ్లమేషనే (లోపలి వాపే) క్యాన్సర్‌కి మూలమని ఒక వీడియోలో చూసిన దగ్గర్నుంచి నిద్ర లేదు. 14 రోజుల కోర్సు రాశారు గానీ, అన్ని యాంటీబయాటిక్స్ ఎందుకు, పొద్దున్నే పసుపు నీళ్లు తాగితే చాలదా అంటున్నారు మా బావగారు. ఏం చేయమంటారు?
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ముందు ఆ కోర్సు మొదలుపెట్టండి. పెన్సిలిన్ పడదు అని ఎప్పుడైనా ఎవరైనా చెప్పి ఉంటే మాత్రం మొదలుపెట్టే ముందే మీ డాక్టరుకి చెప్పండి.

ఇక టెన్షన్ సంగతి. మీకు తెలిసే మంట వేరు, రిపోర్టులో రాసిన ఇన్‌ఫ్లమేషన్ వేరు. మొదటిది చాలావరకు యాసిడ్ పని. రెండోది చడీచప్పుడు లేకుండా ఏళ్ల తరబడి నడవగలదు. పైలోరీ క్రిమి జీర్ణాశయం పొరలో కాపురం పెట్టగానే దాన్ని తరమడానికి తెల్లరక్తకణాలు వస్తాయి, అది పోదు, ఇవీ వెనక్కి వెళ్లవు, ఇవి వదిలే రసాయనాలు క్రిమికి తగిలినా తగలకపోయినా పక్కనున్న మన కణాల డీఎన్‌ఏకి మాత్రం తగులుతూనే ఉంటాయి. చచ్చిన కణాల చోట కొత్తవి హడావిడిగా పుట్టాలి. ఆ హడావిడిలో తప్పులు పోగవుతాయి. కొందరిలో కొన్ని దశాబ్దాలకి పొర పలచబడి (దాన్ని అట్రోఫీ అంటారు), తర్వాత అది పేగు పొరలా మారి (ఇంటెస్టినల్ మెటాప్లాసియా), ఆ తర్వాతెప్పుడో క్యాన్సర్‌కి దారితీస్తుంది. మీ బయాప్సీ రిపోర్టులో ఈ రెండు మాటలూ ఉన్నాయేమో చూడండి. లేకపోతే మీరింకా మొదటి మెట్టు మీదే ఉన్నట్టు లెక్క. ఉంటే కోర్సు అయ్యాక కూడా కొన్నేళ్లకోసారి ఎండోస్కోపీ కావాలా అని అడగండి. మీ అమ్మానాన్నలకో, తోడబుట్టినవాళ్లకో పొట్ట క్యాన్సర్ వచ్చి ఉంటే తప్పకుండా అడగండి.

మన దేశంలో పెద్దవాళ్లలో సగం మందికి పైనే ఈ క్రిమి ఉంటుంది. క్రిమి ఉన్నవాళ్లలో పొట్ట క్యాన్సర్ దాకా వెళ్లేది నూటికి ఒకరి నుంచి ముగ్గురు. కాబట్టి నిద్ర మానుకోవాల్సిన పని లేదు. అలాగని వదిలేసేదీ కాదు, 1994లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి క్యాన్సర్ పరిశోధన విభాగం దీన్ని సిగరెట్ పొగ ఉన్న క్యాన్సర్ కారకాల జాబితాలోనే చేర్చింది. గ్యాస్ట్రైటిస్‌కి క్రిమి కారణమంటే మొదట్లో డాక్టర్లే నమ్మలేదు లెండి. 1984లో ఆస్ట్రేలియా డాక్టర్ బ్యారీ మార్షల్ ఆ క్రిముల ద్రావణాన్ని తనే తాగేసి, కొద్దిరోజుల్లో వాంతులతో మంచమెక్కి, ఎండోస్కోపీ చేయించుకుని మరీ గ్యాస్ట్రైటిస్ చూపించాడు. 2005లో రాబిన్ వారెన్‌తో కలిపి ఆయనకి నోబెల్ ఇచ్చారు.

పసుపు కూరలో వేసుకోండి, ఎవరూ వద్దనరు. కానీ దాంతో ఈ క్రిమి పోదు. పసుపు సారం క్యాప్సూల్స్ జోలికి మాత్రం వెళ్లకండి, వాటితో లివర్ దెబ్బతిన్నవాళ్లున్నారు.

కోర్సులో నోరు చేదుగా ఉంటుంది, బిస్మత్ అనే మందు ఉంటే విరేచనం నల్లగా వస్తుంది, దానికి కంగారు పడొద్దు. మద్యం మొహం చూడొద్దు. నాలుగో రోజుకి హాయిగా ఉందని ఆపేస్తే క్రిమి మొండికేసి, మళ్లీ ఇంకో రకం కోర్సు వాడాల్సి వస్తుంది. అయిపోయాక కనీసం నాలుగు వారాలు ఆగి బ్రెత్ టెస్టో, మలం పరీక్షో చేయించుకోండి. దానికి రెండు వారాల ముందు నుంచి ఆ గ్యాస్ మాత్ర ఆపాలి, లేకపోతే క్రిమి ఉన్నా లేనట్టు చూపిస్తుంది. రక్త పరీక్ష దండగ, క్రిమి పోయాక కూడా చాలాకాలం పాజిటివే వస్తుంది. బిస్మత్ వాడకుండానే నల్లటి విరేచనం అయినా, మింగడం కష్టమైనా, కారణం లేకుండా బరువు తగ్గినా వెంటనే వెళ్లండి.

ప్రశ్న: అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగులో వాపు, పుండ్లు) వచ్చి తొమ్మిదేళ్లు. మందులతో రెండేళ్లుగా ఏ బాధా లేదు. అయినా కొలనోస్కోపీ (పెద్దపేగు లోపల గొట్టంతో చూసే పరీక్ష) చేయించుకోమంటున్నారు. అవసరమా?
- ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అవసరమేనమ్మా. ఇక్కడ క్రిమి లేదు గానీ కథ అదే, ఇన్‌ఫ్లమేషన్ ఎన్నేళ్లుంది, పెద్దపేగులో ఎంతమేర ఉంది అన్నదాన్ని బట్టి క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. అందుకే జబ్బు మొదలైన ఎనిమిదేళ్లకి ఒకసారి చూడమంటారు, ఆపైన ఎన్నాళ్లకోసారి అన్నది అందులో కనబడేదాన్ని బట్టి ఉంటుంది. జబ్బు మలాశయానికే పరిమితమైతే ముప్పు పెద్దగా పెరగదు, మీది ఎంతవరకో అడగండి. బాధ లేనప్పుడు చూస్తేనే మేలు, ఎర్రగా వాచి ఉన్న పేగులో చిన్న మార్పులు ఆనవు. బాగానే ఉంది కదా అని మెసాలమిన్ మాత్రలు మానకండి. పరీక్షకి ముందురోజు పేగు శుభ్రం కావడానికి తాగే ఆ మందు నీళ్లు కష్టమే, ఫ్రిజ్‌లో చల్లబరుచుకుంటే కాస్త దిగుతాయి.