ఒంటి వత్తి, జంట వత్తి

మీరు అడిగింది ఇది: "కొన్నాళ్లుగా గడియారం చూసినప్పుడల్లా 2:22 కనిపిస్తోంది. రెండు అంకెకు ఆధ్యాత్మికంగా అర్థం ఏమైనా ఉందా? ద్వంద్వం అంటే వెలుగు, చీకటి లాంటి వ్యతిరేకాలేనా?"

ముందు 2:22 సంగతి తేల్చేస్తాను. గడియారంలో అంకెలు ఏదో సందేశం మోసుకొస్తాయన్న మాట మన పాత పుస్తకాల్లో లేదు. ఒకసారి కంట పడ్డాక మనసు దానికోసమే కాచుకుని ఉంటుంది. 2:19కి చూసింది గుర్తుండదు, 2:22కి చూసింది గుర్తుంటుంది. అంతకుమించి టెన్షన్ పడాల్సింది ఏమీ లేదు.

మనవాళ్లు అంకెలకు పేర్లు మాత్రం పెట్టారు. శాసనాల్లో, జ్యోతిష గ్రంథాల్లో సంవత్సరాన్ని అంకెలతో కాకుండా మాటలతో చెప్పే పద్ధతి ఒకటుంది, భూతసంఖ్య అంటారు. అందులో ఒకటి అంటే చంద్రుడు, భూమి. మూడంటే అగ్ని. రెండు అంటే నేత్రం, కరం, పక్షం, అశ్వినీ దేవతలు. మీ 222ని ఆ కాలపు కవి 'కర పక్ష నేత్ర' అని రాసేవాడు. (ఇప్పటి న్యూమరాలజీ వాళ్లు రెండుకి చంద్రుణ్ణి కట్టబెడతారు. పాతవాళ్ల లెక్కలో చంద్రుడు ఒకటి.) ఈ పేర్లు ఒకసారి చూడండి: కళ్లు, చేతులు, రెక్కలు, కవల దేవతలు. పక్షాన్ని నెలలోని వెలుగు, చీకటి పక్షాలుగా చూస్తే తప్ప, వీటిలో ఒకదానికొకటి వ్యతిరేకమైన జత లేదు. ఎడమ కన్ను కుడి కన్నుకి శత్రువు కాదు కదా.

ఇక నా అనుభవం. రెండు అంటే ఏమిటో నాకు పుస్తకంలో కాదు, ఒక ప్రమిద దగ్గర తెలిసింది.

మాది విజయనగరం దగ్గర ఒక పల్లె. చిన్నప్పుడు దేవుడి గూట్లో దీపం పెట్టే పని నాకు అప్పుడప్పుడు పడేది. మా నాయనమ్మ ఒకటే చెప్పేది: "రెండు వత్తులు కలిపి నులిమి వెయ్యి. ఒంటి వత్తి వెయ్యకు." ఎందుకని అడిగితే కసిరేది. పూజలో చదివే శ్లోకమేమో 'సాజ్యం త్రివర్తి సంయుక్తం' అంటుంది, అంటే నెయ్యి, మూడు వత్తులు. మేం వేసేది నువ్వుల నూనె, రెండు వత్తులు. శ్లోకం దారి శ్లోకానిది, మా ఇంటి దారి మాది. ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు ఈ తేడా పట్టుకుని నాయనమ్మని గెలిచేశానని అనుకున్నాను. ఆవిడ పట్టించుకోలేదు.

నాలుగేళ్ల కిందట మార్గశిరంలో మా నాన్నగారు పోయారు. తెల్లవారుజాము. ఆయన్ని మంచం మీంచి కిందికి దించారు, తల దక్షిణం వైపు పెట్టారు, తల దగ్గర దీపం పెట్టమన్నారు. పెద్దకొడుకుని నేను. ప్రమిద తెచ్చాను, నూనె పోశాను, చేతికి అలవాటైన పని కాబట్టి రెండు వత్తులు తీసి కలిపి నులుముతున్నాను. మా పెద్దత్త నా మణికట్టు పట్టుకుని ఆపింది.

"ఒకటే వెయ్యి నాన్నా" అంది.

నాయనమ్మ ఎందుకు కసిరేదో అప్పుడు తెలిసింది. ఒంటి వత్తి పోయినవాళ్లది. బతికున్నవాళ్ల ఇంట్లో దీపానికి జత ఉండాలి. ఆ తర్వాత గమనిస్తే ఇల్లంతా ఇదే లెక్క. తాంబూలంలో రెండు ఆకులు, రెండు వక్కలు, రెండు అరటిపళ్లు. ఒక్క పండు చేతిలో పెడితే పేరంటాలు మొహం మాడ్చుకుంటుంది. తాళిలో పుస్తెలు రెండు, ఒకటి పుట్టింటివారిది, ఒకటి అత్తింటివారిది. ఇవన్నీ చిన్నప్పటి నుంచీ చూసినవే. నా చెయ్యి పట్టుకుని ఆపేదాకా లెక్కపెట్టలేదు.

మైల పట్టిన ఏడో రోజున మా తమ్ముడికి ఆడపిల్ల పుట్టింది. మరదలు వాళ్ల పుట్టింట ఉంది. నెలలు నిండాయని తెలుసు గానీ ఇంత దగ్గరగా వస్తుందని ఎవరూ అనుకోలేదు. ఫోన్ వచ్చినప్పుడు మేం వసారాలో కూర్చుని ఉన్నాం. ఎవరికీ ఏం మాట్లాడాలో తెలియలేదు. శుభమా అంటే శుభమే. మిఠాయి పంచే వీల్లేదు, నవ్వొచ్చినా నవ్వకూడదేమోనన్న అనుమానం. తమ్ముడు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ముందు నోరు తెరిచింది అమ్మే: "పిల్ల ఎవరి పోలిక?"

ఇప్పుడు మైల ఎన్నాళ్లు, పురుడు ఎన్నాళ్లు అని పెద్దవాళ్లలో చర్చ మొదలైంది. పురోహితుడు గారు రెండు ముక్కల్లో తేల్చారు. పదిరోజుల్లోపు ఇంకో చావు గానీ పుట్టుక గానీ వస్తే కొత్తగా లెక్క మొదలవదు, మొదటిదాంతోనే రెండూ తీరిపోతాయి. ఇది మనుస్మృతి అయిదో అధ్యాయంలో ఉన్న నియమమే. నన్ను పట్టుకున్నది నియమం కాదు, రెంటికీ ఉన్న ఒకే పేరు. చావుకి మృతాశౌచం, పుట్టుకకి జాతాశౌచం. రెండింటిలోనూ దేవుడి గది తలుపు మూసే ఉంటుంది, రెండూ స్నానంతోనే పోతాయి. చావు, పుట్టుక ఎదురెదురుగా నిలబడ్డ రెండు అని నేననుకున్నాను. ఈ ఏర్పాటు చేసినవాళ్లకి అవి ఒకే తలుపుకి లోపలివైపు, బయటివైపు లాగా కనిపించి ఉంటాయి.

పదమూడో రోజు శుభస్వీకారం అయ్యాక మా ఆవిడ దేవుడి గదిలో దీపం పెట్టింది. రెండు వత్తులు.

తర్వాత సంగతి ఇంకా ముఖ్యం. మేమంతా ఊళ్లకి వెళ్లిపోయాం. అమ్మ రానంది, ఇంట్లో ఒక్కతే ఉండిపోయింది. రోజూ రాత్రి ఎనిమిదింటికి ఫోన్ చేసేవాణ్ణి. ఒకరోజు అడిగాను, "అంత ఇంట్లో ఒక్కదానివే, భయం వెయ్యట్లేదా అమ్మా?"

"భయం దేనికిరా, నేను తప్ప ఇంట్లో ఎవరున్నారని? భయం లేదు గానీ, తోచట్లేదు."

ఆ మాట అప్పుడు మామూలుగానే విన్నాను. మరుసటి ఏడాది మా కాలనీలో ఒక పెద్దాయన బృహదారణ్యక ఉపనిషత్తు పాఠం చెబుతుంటే శనివారాలు వెళ్లేవాణ్ణి. మొదటి అధ్యాయం, నాలుగో బ్రాహ్మణం (అధ్యాయంలోని భాగాన్ని అక్కడ బ్రాహ్మణం అంటారు). సృష్టికి ముందు ఉన్నది ఒక్కడే. చుట్టూ చూశాడు, తాను తప్ప ఎవరూ లేరు. భయపడ్డాడు. అందుకే ఒంటరివాడికి ఇప్పటికీ భయం అంటుంది ఉపనిషత్తు. మరి కాసేపటికి ఆయనే ఆలోచించాడు: 'నేను తప్ప ఇంకొకటి లేనే లేదు కదా, దేనికి భయపడుతున్నాను?' భయం పోయింది. 'ద్వితీయాద్వై భయం భవతి', రెండోది ఉంటేనే భయం. కథ అక్కడ అయిపోతే బాగుండేది, వేదాంతం పూర్తయినట్టే. కానీ వెంటనే తర్వాతి వాక్యం: 'స వై నైవ రేమే, తస్మాదేకాకీ న రమతే, స ద్వితీయమైచ్ఛత్'. ఆయన రమించలేదు, అందుకే ఒంటరిగా ఉన్నవాడు రమించడు, రెండోదాన్ని కోరుకున్నాడు.

పెద్దాయన 'నైవ రేమే' అంటే 'ఆనందించలేదు' అని చెప్పారు. నాకు మటుకు 'తోచలేదు' అని వినిపించింది. మా అమ్మ మూడో తరగతితో బడి మానేసిన మనిషి. ఒక్క ఫోన్ కాల్‌లో రెండు వాక్యాలూ అదే వరసలో చెప్పేసింది.

మీ ప్రశ్నకి నా దగ్గర ఉన్న జవాబు ఆ రెండు వాక్యాల మధ్య ఉంది. రెండు అనేదాన్ని ఆధ్యాత్మికంగా ఒకవైపే చెబితే సగమే చెప్పినట్టు. రెండోది వస్తే భయం. రెండోది లేకపోతే తోచదు. ఉపనిషత్తు ఈ చిక్కుని విప్పెయ్యకుండా పక్కపక్కన పెట్టి ముందుకెళ్లిపోతుంది.

భయం వైపు కూడా నేను రుచి చూశాను. ఆ ఏడాదే మా ఇంట్లో పంపకాల మాట వచ్చింది. ఎకరంన్నర పొలం, ఇల్లు. నలభై ఏళ్లు ఒకే కంచంలో తిన్నట్టు పెరిగిన తమ్ముడు, కాగితం మీద 'రెండో వాటాదారు' అయ్యాడు. గొడవేం జరగలేదు. కానీ రెండు నెలలు నాకు సరిగ్గా నిద్ర లేదు. వాడు ఏమనుకుంటున్నాడు, వాడి వెనక ఎవరున్నారు, ఇదే ఆలోచన. ద్వితీయాద్వై భయం అంటే ఏమిటో ఎవరూ నాకు విడమరిచి చెప్పక్కర్లేదు. పంపకం అయిపోయాక అదే తమ్ముడితో ఫోన్‌లో మాట్లాడకపోతే ఆదివారం గడవట్లేదు, అది వేరే సంగతి.

ఆ బ్రాహ్మణంలోనే యాజ్ఞవల్క్య మహర్షి పేరు మీద ఒక పోలిక ఉంది, నాకు చాలా ఇష్టం. ఆ ఒక్కడు తనని తాను రెండుగా చేసుకున్నాడు, భార్యాభర్తలయ్యారు. అందుకే మనలో ఒక్కొక్కరం 'అర్ధబృగలమివ', సగం బద్దలాగా ఉన్నాం అంటాడు. అంటే పప్పు బద్ద. తిరగలిలో కందులు విసిరినవాళ్లకి ఇది బొమ్మ గీసినట్టు కనబడుతుంది. ఒక కంది గింజ రెండు బద్దలవుతుంది. ఒకవైపు గుండ్రం, ఇంకోవైపు చదును. ఇంకో బద్ద ఆనుకుని ఉన్న చోటే ఆ చదును. వెలుగు–చీకటి పోలికలు వందసార్లు వింటాం గానీ, ద్వంద్వానికి ఇంతకంటే మంచి బొమ్మ నేను చూడలేదు. రెండు బద్దల్లో ఏది మంచిది, ఏది చెడ్డది?

ద్వంద్వం అంటే వ్యతిరేకాలేనా అన్నారు. బడిలో నేర్చుకున్న సమాసం గుర్తు చేసుకోండి: ఉభయపదార్థ ప్రధానం ద్వంద్వం. తత్పురుషలో రెండో మాటది పెత్తనం, బహువ్రీహిలో రెండూ కాని మూడోదానిది. ద్వంద్వంలోనే రెండు మాటలకీ సమానంగా పీట వేస్తారు. తల్లిదండ్రులు, అన్నదమ్ములు, రామలక్ష్మణులు. కష్టసుఖాలు కూడా ఇక్కడికే వస్తాయి. 'కూర్చుని కాసేపు కష్టసుఖాలు మాట్లాడుకున్నాం' అంటే మనం రెండు వేర్వేరు పద్దులు చదివామని కాదు, బతుకు గురించి మాట్లాడుకున్నామని. భగవద్గీతలో ఈ మాట రెండు రకాలుగా వస్తుంది. రెండో అధ్యాయంలో 'నిర్ద్వంద్వో' అంటాడు, చలికీ వేడికీ, సుఖానికీ దుఃఖానికీ ఊగిపోకు అని. పదో అధ్యాయంలో తన విభూతులు చెబుతూ 'ద్వంద్వః సామాసికస్య చ', సమాసాల్లో ద్వంద్వాన్ని నేనే అంటాడు. ఒకచోట దాటమన్నదాన్ని ఇంకోచోట తానేనన్నాడు. ఒకటి వ్యాకరణం, ఇంకోటి సుఖదుఃఖాల సంగతి, రెంటినీ కలపకూడదని పండితులు అనొచ్చు. నాకు కలపాలనే ఉంటుంది.

ద్వైతం, అద్వైతం, విశిష్టాద్వైతం మధ్య తేడా చెప్పమని కూడా కొందరు అడుగుతారు, అదిక్కడ తెమలదు. ఒక్క ఉదాహరణ చెబుతాను. ముండక ఉపనిషత్తులో ఒకే చెట్టు మీద రెండు పక్షులుంటాయి. ఒకటి పండు తింటుంది, ఇంకోటి తినకుండా చూస్తూ ఉంటుంది. ఆ మంత్రం ఋగ్వేదంలోనూ ఉంది. మధ్వాచార్యుల వారి దారిలో జీవుడు, దేవుడు అనే ఆ రెండూ ఎప్పటికీ రెండే. శంకరుల దారిలో చివరికి ఆ రెండూ ఒకటేనని తెలుస్తుంది. మంత్రం మాత్రం వాటిని 'సఖాయా' అంటుంది, స్నేహితులని. తగువు వ్యాఖ్యానాల్లో ఉంది గానీ చెట్టు మీద లేదు. నేను ఏ పక్షమని అడిగితే, రోజును బట్టి మారుతుంటాను. నాన్నగారి తిథి రోజున దణ్ణం పెట్టేటప్పుడు మాత్రం నాకు ఇద్దరు కావాలి, పెట్టేవాడు, పుచ్చుకునేవాడు.

మీరు నిజంగా దీని గురించి చదవాలనుకుంటే అంకెల పుస్తకాలు పక్కన పెట్టి, బృహదారణ్యకంలో 'ఆత్మైవేదమగ్ర ఆసీత్' దగ్గర నుంచి రెండు పేజీలు తెలుగు తాత్పర్యంతో చదవండి. అర్ధబృగలం దగ్గరికి వచ్చినప్పుడు వంటింట్లోంచి ఒక కంది బద్ద తెచ్చి చేతిలో పెట్టుకోండి. పొట్టు తీయనిదైతే ఇంకా బాగా తెలుస్తుంది.